దేవిశ్రీ గురించి ఆరా

నాకు అడగడం అలవాటు. రైలుబండిలో పక్కన కూర్చున్నావిడ ఏ ఊరు వెళుతోందో, ఎందుకు వెళుతోందో, అక్కడ ఎవరున్నారో తెలిసేదాకా నాకు కిటికీలోంచి కొండలు కనబడవు. రాయగడలో మా వీధివాళ్ళు దీన్ని బాలామణి జబ్బు అంటారు. అననివ్వండి. ఆ జబ్బే లేకపోతే మా మేనకోడలి ఉద్యోగం మా ఆయన మంచితనంలో కొట్టుకుపోయేది.

మా ఆయన పేరు తిరుమలరావు. మాది మెయిన్ రోడ్డులో సర్జికల్ సామాన్ల కొట్టు. కట్టు గుడ్డలు, సెలైన్ స్టాండ్ల దగ్గర్నుంచి ఆసుపత్రి మిషన్ల దాకా అమ్ముతాం. మా మామగారు బొబ్బిలి నుంచి వచ్చి పెట్టిన కొట్టు అది. కొరాపుట్ నుంచి ఇటు వచ్చే దారిలో ఉన్న చిన్నాచితకా ఆసుపత్రులన్నీ మా ఖాతాదార్లే. మిషను పాడైతే మా దగ్గర పడేసేవారు. మేం విశాఖపట్నం పంపించేవాళ్ళం. అది తిరిగొచ్చేసరికి రోగికి నయమైపోయేది, లేకపోతే రోగే పోయేవాడు.

మా తమ్ముడు శంకరరావు సునాబెడలో ఇంజన్ల ఫ్యాక్టరీలో టెక్నీషియన్. వాడి కూతురే దేవిశ్రీ. ఆసుపత్రి మిషన్ల ఇంజనీరింగు చదివింది. బయోమెడికల్ అంటారు దాన్ని. ఆ చదువు పూర్తిచేసిన రెండువేల రెండులో దానికి ఉద్యోగం ఇచ్చేవాడు కనబడలేదు. నాలుగు రోజులు అత్త దగ్గర ఉంటానని మా ఇంటికొచ్చింది. విశాఖపట్నం పంపడానికి మూటగట్టిన కఫం లాగే మిషను ఒకటి వరండాలో ఉంది. మేం భోంచేసి లేచేసరికి దాన్ని విప్పి చాప మీద పరిచేసింది. మా ఆయన గుండె పట్టుకున్నాడు. సాయంత్రానికి అది గురగురమంటూ పనిచేసింది.

అలా నాలుగు రోజులు కాస్తా రెండేళ్ళయింది. భుజాన సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, మీటరు, సోల్డరింగు కర్ర. పొద్దున్న బండెక్కి కకిరిగుమ్మ వెళ్ళేది, అక్కణ్ణుంచి జీపో, సైకిలో, కాళ్ళో. కకిరిగుమ్మ దగ్గర చిన్న క్రైస్తవ మిషనరీ ఆసుపత్రిలో కుంతి సిస్టర్ అని ఉండేది. ఆవిడకి మా దేవిశ్రీ అంటే ప్రాణం. ఇవన్నీ నేను దాని నోట అడిగి అడిగి చెప్పించుకున్నవే. ఏ మిషను ఎందుకు ఆగింది, కరెంటు తక్కువొస్తే లోపల ఏమవుతుంది, అన్నీ. సగం అర్థమయ్యేది, మిగతా సగం కోసం మళ్ళీ అడిగేదాన్ని.

మా ఆయనది మాత్రం ఒకటే పద్ధతి. కొట్టుకొచ్చిన పెద్దమనిషి ఎవరైనా ఈ అమ్మాయెవరని అడిగితే "మా ఆవిడ మేనకోడలు, సుట్టపుసూపుగా వచ్చింది" అనేవాడు. రెండేళ్ళ చుట్టపుచూపు! మా వర్తకుల ఇళ్ళలో అంతే. ఆడపిల్ల కొట్టులో కూర్చుందంటేనే ఇంట్లో మగాళ్ళు లేరా అంటారు. అలాంటిది సంచి తగిలించుకుని ఒంటరిగా కొండల్లో తిరిగిందంటే సంబంధాలు రావని ఆయన భయం. ఎదురు కొట్టు గణపతిరావుగారి దగ్గర మరీ జాగ్రత్త పడేవాడు. ఆయన పప్పుల హోల్‌సేలు వ్యాపారి, బొబ్బిలిలో పెళ్ళికెదిగిన మేనల్లుడు ఉన్నాడు. ఆ మేనల్లుడి మీద మా ఆయనకి ఏళ్ళ తరబడి ఆశ.

దేవిశ్రీ రెండువేల నాలుగులో అమెరికా వెళ్ళి అదే లైన్లో పై చదువు చదివింది. చదువు అయింది. అప్పుడు మొదలైంది అసలు కథ. ఆదివారం ఆదివారం అది ఫోను చేస్తే నేను అడిగే ప్రశ్నలకి దాని ఫోను కార్డులో డబ్బులన్నీ అయిపోయేవి. నేను తెలుసుకున్నదేమిటంటే, అక్కడ పై దేశాల పిల్లలకి చదువయ్యాక ఒక్క ఏడాది పని చేసుకోమని పర్మిటు ఇస్తారు. చదివిన చదువుకి సంబంధించిన పనే చెయ్యాలి. ఆ గడువు దాటేలోపు వీసా పెట్టే కంపెనీ దొరకాలి, దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి.

"మరి కూరగాయల కొట్టులో పని సేస్తేనో?" అని అడిగాను.

"కుదరదత్తా."

"ఆసుపత్రి పక్కనున్న కూరగాయల కొట్టయితే?"

అది పగలబడి నవ్వింది. ఆ నవ్వు తర్వాత్తర్వాత తగ్గిపోయింది. ఆసుపత్రులు మా దేశం సర్టిఫికెట్టు ఉందా అంటాయట. కొన్ని కంపెనీలు సర్కారు పనులు చేస్తాయి గనక మా పౌరులే కావాలంటాయట. మిగిలినవాళ్ళు అరగంట ముచ్చటగా మాట్లాడి, చివర్లో నీకు మేం వీసా పెట్టాలా అని అడుగుతారట. అవునని అనగానే గొంతు మారిపోతుందత్తా, అంది. ఊరికే కూర్చోకూడదని యూనివర్సిటీ ల్యాబులో జీతం లేకుండా మిషన్లు బాగుచేస్తూ ఉండేది. ఇంటికి మాత్రం అంతా బాగుందనే చెప్పేది. నా దగ్గర దాచలేకపోయేది, ఎందుకంటే నేను దాచనివ్వను.

పర్మిటు గడువు దగ్గరపడుతుండగా రెండువేల ఏడు మొదట్లో ఒక కంపెనీ తగిలింది. చిన్న ఆసుపత్రుల కోసం, కరెంటు సరిగా లేని చోట్ల కోసం మిషన్లు చేసే కంపెనీ. వాళ్ళు దీని పెద్ద చదువు గురించి ఎక్కువ అడగలేదట. కకిరిగుమ్మలో వానాకాలం కరెంటు గుడ్డిదీపంలా ఉన్నప్పుడు కఫం మిషను ఎలా నడిపించావో చెప్పు అని గంటసేపు అదే అడిగారట. దేవిశ్రీ గొంతులో ఎన్నాళ్ళకో ఉత్సాహం విన్నాను. "ఉద్యోగం ఇస్తామన్నారత్తా, ఇంక అన్నీ సూసుకుని ఖాయం సేస్తారు" అంది. ఏమేం చూసుకుంటారు అని నేను నోరు తెరిచేసరికి కార్డయిపోయి లైను తెగింది. నా జన్మలో అడగాల్సింది అడగలేకపోయిన రోజు అదొక్కటే.

ఆ వారంలోనే కొరాపుట్‌లో చుట్టాలింట సీమంతానికి వెళ్ళి, మర్నాడు పొద్దున బండికి రాయగడలో దిగాను. ప్లాట్‌ఫారం మీద మా ఆయన! పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను ఎక్కించడానికే గానీ దించుకోవడానికి ఎప్పుడూ రాని మనిషి. ముఖం వెలిగిపోతోంది. నా చేతిలో సంచి కూడా అందుకున్నాడు. ఏదో జరిగిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"దేవిశ్రీకి సంబంధం వచ్చింది. నిన్న అబ్బాయి తరఫోళ్ళు హైదరాబాదు నుంచి ఫోను సేసేరు. మన పక్కోళ్ళే. మన్మథరావుగారని, పార్వతీపురం" అన్నాడు.

సంతోషంగానే అనిపించింది. టీ స్టాలు దగ్గర నిలబడి నా పని మొదలుపెట్టాను. అబ్బాయి ఏం చేస్తాడన్నాను. అడగలేదన్నాడు. తల్లిదండ్రులెవరన్నాను. అడగలేదు. అన్నదమ్ములు? అదీ అడగలేదు. ఈయనకి అడిగే సందే దొరకలేదట, దేవిశ్రీ గురించి తెలుసుకోవాలండీ అంటూ అవతలి మనిషే మర్యాదగా, చకచకా అడిగేశాడట.

"సరే, ఆయన ఏటడిగేడు మరి?"

"ఎవరైనా అడిగేవే. పిల్ల మన దగ్గర ఎన్నాళ్ళుంది, నడవడిక ఎలాటిది, టైముకి వస్తుందా..."

"టైముకి ఎక్కడికి రావాలి?"

మా ఆయన టీ గ్లాసు వైపు చూశాడు. అది ఆయనకి తట్టలేదు.

"ఇంకా?"

"ఎందుకెల్లిపోయిందని అడిగేడు. పెళ్ళీడు పిల్ల, ఎన్నాళ్ళని మేనత్తింట్లో ఉంటాది బాబూ అన్నాను. అప్పుడు మళ్ళీ వస్తే తీసుకుంటారా అన్నాడు సూడు, నాకు ఒళ్ళు మండింది. మా పిల్ల ఎక్కడికో ఎల్లి తిరిగొచ్చిన పిల్ల కాదండీ అని గట్టిగా సెప్పేను."

నా చేతిలో టీ చల్లారిపోతోంది. "కొట్టు సంగతేవైనా అడిగేడా?"

"అదే ముందడిగేడు. మీ కొట్టులో పనిసేసిందా అని. ఎవరో సాడీలు మోసీసుంటారు. మా ఆడపిల్లలు కొట్టు గుమ్మం తొక్కరు బాబూ అనీసేను. ఏటే, అలా సూస్తావు?"

సంబంధాల ఆరా నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో ముగ్గురు ఆడపడుచులకి పెళ్ళిళ్ళు చేశాం. పిల్ల వంట చేస్తుందా, రంగెంత, పొడుగెంత, ఏం పెడతారు అని అడుగుతారు. టైముకి వస్తుందా, ఎందుకు మానేసింది, మళ్ళీ పెట్టుకుంటారా అని ఏ పెళ్ళివారూ అడగరు. అలా అడిగేది పనిలో పెట్టుకునేవాళ్ళు. దేవిశ్రీ అన్న ఆ "అన్నీ సూసుకుని" నా చెవిలో మళ్ళీ మోగింది. మా ఆయనకేమీ చెప్పకుండా స్టేషను ఎదురుగా ఉన్న ఐఎస్‌డీ ఫోను బూత్‌లోకి దూరాను. వాళ్ళకక్కడ రాత్రి భోజనాల వేళ దాటి ఉంటుంది. అది వెంటనే ఎత్తింది.

నేను చెప్పింది విని, మెల్లగా విడమరిచింది. కంపెనీ వాళ్ళు పాత పని నిజమా కాదా అని ఆరా తీయమని ఒక ఏజెన్సీకి ఇస్తారట. ఆ ఏజెన్సీకి హైదరాబాదులో ఆఫీసుందట. మీకు ముందే సెప్దామనుకున్నాను, లైను తెగింది, ఇంత బేగి అడుగుతారనుకోలేదత్తా, అంది. మీ కొట్టులో పని చేశానని నేను రాసిచ్చాను, చెయ్యలేదని మావయ్య అన్నాడు, అంటే నేను అబద్ధం ఆడినట్టే. ఉద్యోగం పోవడమే కాదు, వాళ్ళ దృష్టిలో దొంగనైపోతాను, అంది.

"నాకింకో ఇంటర్వ్యూ నేదత్తా," అంది. "ఇదే ఉంది."

అంతవరకూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. నాకు మా ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. బూత్ బయట ఆయన నా సంచి పట్టుకుని, ఇంకా పెళ్ళికూతురి మేనమామలా నిలబడి ఉన్నాడు.

దారిపొడుగునా చెప్పాను. రిక్షావాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. మా ఆయన మొదట్లో కాదేమోలే అన్నాడు, తర్వాత నెత్తి పట్టుకున్నాడు, కొట్టు దగ్గర దిగేసరికి ముఖం సున్నం కొట్టినట్టయింది. చెడ్డమనిషి కాదండీ. దేవిశ్రీకి జ్వరమొస్తే రాత్రంతా గుమ్మంలో కూర్చున్న మనిషి. ఆ పిల్ల మంచి కోరే అబద్ధమాడాడు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మన్మథరావు నంబరు మా ఆయన గోడ క్యాలెండరు మీద, పసుపు కుంకుమ బొట్లు పెట్టిన చోట, 'అబ్బాయి తరఫు' అని రాసుకున్నాడు. ఆ నంబరుకి చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. ఆయన సీట్లో లేరు, వచ్చాక చేస్తారు, ఆ రిపోర్టు ఈ రోజే పంపాలి అంది. నేను మాట్లాడతానన్నాను. కుదరదు, కొట్టు యజమానే మాట్లాడాలి అంది. అదీ మంచిదే అనిపించింది. ఈ ముడి వేసినవాడే విప్పాలి.

ఫోను ముందు కూర్చున్నాం. ఖాతాదార్లు వస్తున్నారు, పోతున్నారు. ఒక ఫార్మసిస్టు దూది కట్టలు అడిగితే మా ఆయన చేతితొడుగులు ఇచ్చాడు. మధ్యాహ్నం దాటాక ఎదురు కొట్టు గణపతిరావుగారు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. బీపీ చూపించుకోవడానికి రోజూ వచ్చేదే. కానీ ఆ రోజు మేనల్లుడి మాట ఆయనంతట ఆయనే ఎత్తారు. ఆ మేనల్లుడికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారట, మీ దేవిశ్రీ చదువు అయిందా అని అడిగారు. ఇన్నేళ్ళ ఎదురుచూపు, ఆ పూటే పండాలా! మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

అప్పుడే ఫోను మోగింది.

మా కొట్టులో ఫోను బల్లకి బిగించి ఉంటుంది, తీగ రెండు మూరలు. లోపలికి తీసుకెళ్ళి మాట్లాడే వీల్లేదు. మా ఆయన రిసీవరు ఎత్తాడు. మన్మథరావు గొంతు నాకూ వినబడుతోంది. బీపీ పట్టీ చేతికి చుట్టుకుని పక్కనే కూర్చున్న గణపతిరావుగారికీ వినబడుతూ ఉండాలి. ఏదో చెప్పాలన్నారట, చెప్పండి అన్నాడు మన్మథరావు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. తర్వాత చేద్దాంలెండి అంటాడేమో అని నాకు భయం వేసింది. రిసీవరు లాక్కోవాలని చెయ్యి లేచింది గానీ ఆపుకున్నాను.

"నిన్న మీతో అబద్ధమాడేను బాబూ," అన్నాడు మా ఆయన. "మీరు సంబంధం వారనుకున్నాను. ఆ అమ్మి మా కొట్టులో రెండేళ్ళు పనిసేసింది."

గణపతిరావుగారు తలెత్తారు. మా ఆయన ఆయన వైపు చూడకుండా బల్ల మీద గీతలు చూస్తూ చెప్పుకుపోయాడు. ఏ మిషన్లు బాగుచేసిందో, ఏయే ఊళ్ళకి వెళ్ళిందో, ఒక్కర్తే పొద్దున బండికి వెళ్ళి సాయంత్రం బండికి ఎలా వచ్చేదో, కకిరిగుమ్మలో వానకి దారి కొట్టుకుపోతే కుంతి సిస్టర్ ఇంట్లోనే ఉండిపోయి ఎలా పనిచేసిందో. ఆయనకి ఇవన్నీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. నేను అడిగి తెలుసుకునేదాన్ని. ఆయన అడక్కుండానే అన్నీ గుర్తు పెట్టుకున్నాడు.

అవతల మన్మథరావు కాగితం తిరగేసిన చప్పుడైంది. నిన్న లేదన్నారు, ఈ రోజు అవునంటున్నారు, నేను ఏది రాయాలండీ అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. పైగా మీరు చుట్టాలు, చుట్టం కాని మనిషి ఎవరైనా చెబితే తప్ప నేను రాయలేను, ఆసుపత్రివాళ్ళ నంబరేదైనా ఇవ్వండి అన్నాడు. కుంతి సిస్టర్ ఆ ఏడే బదిలీ మీద ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆసుపత్రికి ఫోను లేదు. మా ఆయన ఇంకేదైనా నంబరు దొరుకుతుందేమోనని ఖాతా పుస్తకం తిరగేశాడు.

గణపతిరావుగారు చేతికున్న బీపీ పట్టీ చర్రున ఊడదీశారు. "ఇటియ్యవయ్యా" అని చెయ్యి చాపారు.

ఆయన ఫోనులో ఎప్పుడూ అరిచే మాట్లాడతారు. తన పేరు, వ్యాపారం, కొట్టు ఎన్నాళ్ళుగా ఉందో చెప్పారు. తిరుమలరావుకీ మాకూ ఏ చుట్టరికమూ లేదన్నారు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మకి ఆయాసం. ఊపిరి మిషను ఆగిపోతే ఈయనకి తెలీకుండా ఆ పిల్లొచ్చి మంచం పక్క నేల మీద కూకుని బాగుసేసింది. ఆ మిషనుతో మా అమ్మ ఇంకో ఏడాది బతికింది. ఇంకేటి కావాలి మీకు?" అన్నారు. మళ్ళీ ఆయనే అందుకున్నారు. "ఈ వీధిలో ఎవుల్నడిగినా సెప్తారు బాబూ. సాయంత్రం బండి దిగి సంచి మోసుకొస్తుంటే రోజూ సూసేవోళ్ళం. దాసింది ఈయనొక్కడే. ఈయన దాస్తున్నాడని మేమూ అడిగేవోళ్ళం కాదు."

మా ఆయన రెండేళ్ళు ఊరి కళ్ళు కప్పానని అనుకున్నాడు పాపం. ఊరే ఆయన ముఖం చూసి ఊరుకుంది.

రిసీవరు తిరిగి ఆయన చేతికొచ్చింది. ఇంక రెండు ప్రశ్నలే ఉన్నాయన్నాడు మన్మథరావు, నిన్న అడిగినవే. మీ దగ్గర పని ఎందుకు మానేసింది?

"మా కొట్టు ఆ అమ్మికి సాల్లేదు బాబూ," అన్నాడు మా ఆయన.

మళ్ళీ తీసుకుంటారా?

ఈసారి ఒళ్ళు మండలేదు. ఆయన చెక్క బీరువా మీదికి చూశాడు. దేవిశ్రీ వదిలేసి వెళ్ళిన పాత స్క్రూడ్రైవరు ఒకటి అక్కడే ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఏదో అన్నాడు. రిసీవరుకి నోరు ఆనించి అనడంతో నాకు సగమే వినబడింది. పెట్టేస్తాడనుకుంటే, చివర్లో "పార్వతీపురంలో మీదే వీధి బాబూ?" అన్నాడు. కాలు తొక్కాను.

గణపతిరావుగారు లేచి పంచె దులుపుకున్నారు. మేనల్లుడి సంగతి నేనే అడిగేశాను, నాకు ఆగదు కదా. ఆయన నవ్వారు. "వోడు బొబ్బిలి దాటి బండెక్కినోడు కాడమ్మా. ఆ పిల్లకి వోడు సాల్డు" అని రోడ్డు దాటి వెళ్ళిపోయారు. బీపీ చూడనే లేదు.

ఆ ఆదివారం దేవిశ్రీ ఫోను రాలేదు. ఆ వారమంతా నేను మా ఆయనతో అవసరానికే మాట్లాడాను. పై ఆదివారం వచ్చింది. ఖాయమైందత్తా, వీసా కూడా పెడుతున్నారు అంది. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని నేను దాని కార్డు డబ్బులు సగం అవగొట్టాను. తర్వాత అది, కంపెనీలో ఒకావిడ ఆ రిపోర్టు తనకి చదివి వినిపించి నవ్విందని చెప్పింది. మళ్ళీ పనిలో తీసుకుంటారా అన్నచోట అవును అనో కాదు అనో ఉండాలట. దాని కింద ఇంకో ముక్క ఉందట.

"'మేం తీసుకోడం కాదు, ఆ అమ్మి మమ్మల్ని తీసుకుంటే సాలు' అనుందత్తా. అది నువ్వు పక్కనుండి అందించేవా?"

"నాను నోరే యిప్పలేదమ్మీ," అన్నాను.

"మావయ్యేడీ?"

బల్ల అవతల మా ఆయన దూది కట్టలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు. కట్ట మీద చెయ్యి కదలడం లేదు. రిసీవరు ఆయన చేతిలో పెట్టి, జన్మలో మొదటిసారి, ఏం మాట్లాడుకున్నారో అడక్కుండా వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.